ముగ్గుపిండితో గీసిన క్వారీ

మా అపార్ట్‌మెంట్ల వెనక రెండెకరాల పైచిలుకు ఖాళీ స్థలం ఉంది. గచ్చిబౌలిలో ఈ ఫ్లాటు కొనుక్కుని మేం వచ్చేనాటికి అది చదునుగా ఉన్న ఎర్రమట్టి నేల. ఒక అంచున మాత్రం రెండంతస్తుల ఎత్తున నిలువుగా కోసినట్టు రాతి గోడ ఉండేది. దాని మీద పైనుంచి కిందకి డ్రిల్లు దిగిన గాడులు వరసగా కనిపించేవి. అది ఒకప్పుడు కంకర క్వారీ అనీ, బిల్డరు గుంత పూడ్చి ప్లానులో పార్కుగా చూపించాడనీ తర్వాత తెలిసింది.

ఆ పార్కు బాధ్యత నా మీద పడటానికి కారణం నాకు ఖాళీ దొరకడమే. ఇరవై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెస్టింగ్ పని చేశాను. ఒకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం నా ఉద్యోగం. యాభై దాటాక, మా అమ్మాయి చదువు పూర్తయ్యాక, మానేశాను. మానేసిన నెలలోపే అసోసియేషన్ సెక్రటరీ గారు ఇంటికి వచ్చి, "పార్కు కమిటీ మీరు చూసుకోవాలండి, మీకైతే తీరిక ఉంటుంది" అన్నారు. ఆయన ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. కాదనడానికి వీల్లేకుండా అడగడం ఆయనకు అలవాటు.

మావారు నవ్వారు. "బాల్కనీలో తులసిని మూడుసార్లు చంపావు. ఇప్పుడు రెండెకరాలా?" అన్నారు.

నేను పుట్టి పెరిగింది గోదావరి పక్కన. మా నేలలో విరిగిన కొమ్మ గుచ్చినా చిగురేస్తుంది. అందుకని మొక్కలు పెంచడానికి ఏం తెలియాలో నేనెప్పుడూ తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు. ఒక నర్సరీ వాళ్ళని పిలిపించాం. వాళ్ళు పచ్చిక చాపలుగా తెచ్చి పరిచారు, వరసగా పామ్ చెట్లు పాతారు, చుట్టూ కంచెలాగా కోనోకార్పస్ పెట్టారు. నాలుగు నెలలపాటు అందరూ అక్కడ ఫోటోలు దిగారు. వేసవి వచ్చేసరికి పచ్చిక గోనెపట్టా రంగుకి తిరిగింది. ట్యాంకర్లతో నీళ్ళు పెట్టించాం. ఒకచోట నీళ్ళు పోసిన క్షణంలో ఇంకిపోయేవి, ఇంకోచోట రెండు రోజులు నిలిచి వాసన కొట్టేవి. ఏప్రిల్ నెల చివరికి పామ్ చెట్లు చాలామటుకు ఎండిపోయాయి.

ఒకరోజు పొద్దున్నే ఎండిన పామ్ చెట్టు మొదట్లో బకెట్టుతో నీళ్ళు పోస్తున్నాను. హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఆమె చీపురు పట్టుకుని కాసేపు నిలబడి చూసింది. నీలం కోటు, నెరిసిన జుట్టు ముడి, కాస్త వంగిన నడుము. ఏడాదిగా రోజూ చూస్తున్న మనిషే. నమస్తే మేడం అనడం, నేను తలూపడం తప్ప మా మధ్య మాటల్లేవు.

"ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం మేడం? గిదంత పచ్చి మన్ను" అంది.

"పచ్చి మన్నంటే?"

"సెల్లారు తవ్విన మన్ను. టిప్పర్లల్ల తెచ్చి ఈడ పోసిండ్రు. అది ఎన్నడు ఎండ సూడలె, వాన సూడలె. దాంట్ల ఏం పుడ్తది?"

నేను బకెట్టు కింద పెట్టాను. "నీకెలా తెలుసమ్మా?"

"ఎందుకు తెల్వది? ఈ గుంతలనే ఏండ్లకేండ్లు కంకర కొట్టిన. మా ఆయన బండకు మందు వెట్టెటోడు. పాలమూరు దిక్కు నుంచి పెండ్లయినంక ఈడికే వచ్చినం. గా గోడకు ఆనుకొని మా గుడిసె ఉండె." చీపురుతో రాతి గోడ వైపు చూపించింది. అటు తర్వాత, ఎక్కువ మాట్లాడానేమో అన్నట్టు, వంగి ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ రోజంతా ఆ మాట నన్ను వదల్లేదు. నేను నీళ్ళు పోస్తున్న చోట ఆమె రాళ్ళు కొట్టింది. ఇప్పుడు అదే చోట మా ఎండుటాకులు ఊడుస్తోంది. మర్నాడు ఆమె వచ్చే వేళకి నేనే కిందకి దిగి, టీ ఫ్లాస్కు, రెండు గ్లాసులు పట్టుకెళ్ళాను. మొదట కూర్చోవడానికి ఒప్పుకోలేదు. సూపర్‌వైజర్ చూస్తే మాట వస్తుందంది. నేను చెప్తాలే అన్నాక, రాతి గోడ నీడలో కూర్చుంది.

క్వారీ రాకముందు ఇక్కడ ఏముండేదని అడిగాను.

"గుట్ట ఉండె. గుట్ట మీద సీతాఫలం, పరికి కంప, తంగేడు, రేల. బతుకమ్మకు ఈడికెళ్ళే పూలు తెంపుకపోతుంటిమి. మేం వచ్చిన కొత్తల సగం గుట్ట ఉండె. కొట్టంగ కొట్టంగ అది పోయింది. ఇగ గుంత వడ్డది."

"మళ్ళీ అవన్నీ పెంచితే బతుకుతాయా?"

ఆమె నవ్వింది. "గవ్విటిని ఎవ్వలన్న పెంచుతరా మేడం? అవ్వే మొలుస్తయి."

అవి మొలవడానికి ఏం కావాలో ఆమెకు తెలుసు. అయితే ఎక్కడ లోతుందో, ఎక్కడ బండ పైకి ఉందో మాత్రం తెలీదు. కంకర కొట్టి తట్టలు మోసేవాళ్ళు ఒక పక్కే పనిచేసేవాళ్ళట. "అది మా ఆయనకు ఎరుక. తోలుకొస్త. కానీ ఆయనకు చెవులు సరిగ్గ ఇనపడయి, జర గట్టిగ మాట్లాడాలె" అంది. మందు పేలిన చప్పుళ్ళకి పోయాయట చెవులు. ఆ మాట ఆమె మామూలుగా, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పినట్టు చెప్పింది.

ఆదివారం ఇద్దరూ బోరబండ నుంచి బస్సులో వచ్చారు. ఆయన సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను రిజిస్టర్లో ఏ ఫ్లాటుకి అని రాయమంటే, వాళ్ళకి ఏం చెప్పాలో తెలియక నిలబడ్డారు. నేను వెళ్ళి నా ఫ్లాటు నంబరు రాయించాను.

స్థలంలో అడుగుపెట్టాక ఆయన నేరుగా రాతి గోడ దగ్గరకు వెళ్ళి డ్రిల్లు గాడుల్లో ఒకదానిలో వేలు పెట్టి కిందదాకా రాశాడు. వెనక్కి తిరిగి గోడ నుంచి అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. ఒకచోట ఆగి, మడమతో నేలని కొట్టాడు.

"ఈడ ర్యాంపు!" అని అరిచాడు. చెవులు వినపడనివాళ్ళ గొంతు కదా, పై అంతస్తుల బాల్కనీల్లోకి మనుషులు వచ్చారు. "లారీలు ఈడికెళ్ళే దిగుతుండె! ఈ జాగల బండ కొట్టనే లేదు! కింద మొత్తం బండనే!"

సరిగ్గా అక్కడే మా పామ్ చెట్ల వరసలో మొదటి ఎనిమిదీ చచ్చిపోయాయి.

ఆయన భార్య నా దగ్గరకు వచ్చి, "అక్కా, ముగ్గుపిండి ఉంటదా ఇంట్ల?" అంది. నన్ను ఆమె అక్కా అని పిలవడం అదే మొదలు. ఇంట్లో ఉన్న డబ్బా సరిపోలేదు. వాచ్‌మన్ని పక్క కొట్టుకి పంపి మూడు పొట్లాలు తెప్పించాను. ఆయన ముందు నడుస్తూ, కర్రతో నేల మీద గీస్తూ, అరుస్తూ వెళ్ళాడు. ఆమె వెనకాల వంగి పిండి పోస్తూ వెళ్ళింది. ముగ్గు పెట్టే చెయ్యి కదా, గీత ఎక్కడా తెగలేదు. ర్యాంపు ఎటు తిరిగిందో, మెట్లలాగా రెండు అంచెల్లో బండ ఎక్కడ నిలిచిందో, ఎక్కడ అన్నిటికంటే లోతుకి వెళ్ళారో, ఎక్కడ ఊట తగిలి పని ఆపేశారో, అంతా తెల్లగా నేల మీద తేలింది. మావారు పైకి వెళ్ళి ఆరో అంతస్తు బాల్కనీ నుంచి ఫోటో తీశారు. అందులో పాత క్వారీ మొత్తం ఒక వంకర చెవి ఆకారంలో కనిపించింది.

లోతున్న చోట ఒక గుంట తీయిస్తే మనిషెత్తు దిగినా మట్టే. ర్యాంపు మీద గడ్డపార జానెడు దిగేసరికి ఖణేల్మంది. ఆయన నా ముఖం చూసి, ఆ రోజుకి మొదటిసారి నవ్వాడు.

అలా ప్లాను తయారైంది. లోతు ఉన్నచోట చెట్లు: మోదుగ, రేల, వేప, ఊట ఉన్న మూల కానుగ. అంచెల మీద తంగేడు, పరికి, సీతాఫలం. ర్యాంపు మీద గడ్డి, వెంపలి. ఇక మిగిలింది మన్ను. పచ్చి మన్నుకి ప్రాణం ఎక్కడి నుంచి తేవాలని నేను తల పట్టుకున్నాను. దానికీ దారి ఆమే చూపించింది. మా రోడ్డు చివర ఒక చిన్న గుట్ట మిగిలి ఉండేది. కొత్త టవర్ల కోసం దాన్ని కొట్టేయబోతున్నారని చుట్టూ రేకులు కట్టారు.

"గా గుట్ట మీది మన్ను తెద్దాం అక్కా. పైపైన జానెడు చాలు. దాంట్ల ఇత్తులన్నీ ఉంటయి. ఎట్లాగూ రేపోమాపో లారీలల్ల పోసుకపోతరు."

ఇద్దరం వెళ్ళాం. అక్కడి సైటు ఇంజనీరు కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, విషయం విని తికమక పడ్డాడు.

"మొరం కావాలంటే ఎన్ని టిప్పర్లయినా పంపిస్తానండి. ఈ ముళ్ళూ, చెత్తా కలిసిన పైమట్టి ఏం చేసుకుంటారు మేడమ్?"

"మాకు ఆ చెత్తే కావాలండి" అన్నాను.

అతను ఆమె వైపు చూశాడు. ఆమె చెప్పింది: "సార్, మీ జేసీబీ ఆయనకు జర చెప్పుండ్రి. లోతుకు పట్టొద్దు. పొయ్యి మీద పాలమీగడ తీసినట్టు తియ్యాలె."

అతను నవ్వేశాడు. రెండు రోజుల తర్వాత జేసీబీ డ్రైవరు, ఆమె పక్కనే నిలబడి చేత్తో సైగలు చేస్తుంటే, నిజంగానే మీగడలా తీసి పంపించాడు. వేర్లు, ఎండుటాకులు, చీమల పుట్టల ముక్కలు, మేకపెంటికలు, గులకరాళ్ళు కలిసిన ఆ మట్టిని మేం వేసవి పోకముందే పరిచాం. అక్కడి కంపల్లో వేర్లతో పెకిలించగలిగినవాటిని కూడా తెచ్చి నీడలో గోనెసంచుల కింద ఉంచాం.

పరిచాక చూస్తే మా పార్కు ఇదివరకటి కన్నా అసహ్యంగా తయారైంది. వాట్సాప్ గ్రూపులో మాటలు మొదలయ్యాయి. క్లబ్‌హౌస్‌లో మీటింగు పెట్టారు.

"పాములొస్తాయండి. పిల్లలు ఆడుకునే చోటు" అన్నారు సెక్రటరీ గారు.

ఒకాయన, "మేం ఇంత పెట్టి కొనుక్కుంది ముళ్ళకంపలు చూడ్డానికా?" అన్నాడు.

నాకు మీటింగుల్లో మాట్లాడటం కొత్తేం కాదు.  పచ్చిక ఎండిపోయిన ఫోటోలు చూపించాను. ముగ్గుపిండి ఫోటో చూపించి, ఏ చెట్టు ఎక్కడ ఎందుకు చచ్చిందో చెప్పాను. పిల్లలు తిరిగే దారి పక్కన కంపలు పెట్టబోమనీ, దారి శుభ్రంగా ఉంచుతామనీ మాటిచ్చాను. "ఒక్క వానాకాలం ఇవ్వండి. అప్పటికీ నచ్చకపోతే నేనే తీయించేస్తాను" అన్నాను.  చివరికి రెండో బ్లాకులో ఉండే ఒక పెద్దావిడ, "ఒక్క వానాకాలమే కదా, ఇద్దాం" అంది. అలా గండం గడిచింది.

జూన్‌లో మొదటి వాన పడగానే గుట్ట మీద నుంచి తెచ్చిన కంపల్ని నాటాం. రోజూ పొద్దున్నే వెళ్ళి వంగి చూసేదాన్ని. ఏమీ లేదు. రెండో వానకీ ఏమీ లేదు. "పరేషాన్ గాకు అక్కా, ఇత్తు నిద్ర లేవాలె గదా" అనేది ఆమె. ఈలోపు రేల గింజలు నాటడం నేర్పింది. ఆ గింజ రాయిలాంటిది, ఊరికే పాతితే ఏళ్ళ తరబడి మొలవదట. గరుకు బండ మీద ఒక అంచు అరిగేదాకా రాయాలి. ఇద్దరం రాతి గోడ కింద కూర్చుని మధ్యాహ్నాలు గింజలు రాసేవాళ్ళం. నా వేళ్ళ చివర్లు బొబ్బలెక్కాయి. ఆమె వేళ్ళకి ఏమీ కాలేదు. మోదుగ గింజలు ఆమె పాలమూరు దిక్కు వెళ్ళినప్పుడు కొంగున మూటకట్టి తెచ్చింది.

మూడో వాన తర్వాత ఒక పొద్దున, ఎర్రమట్టి మీద సన్నగా, కనిపించీ కనిపించనట్టు, పచ్చని నీడ. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే వేల మొలకలు. నేను వెంటనే ఆమెకు ఫోన్ చేశాను. అప్పుడామె మూడో బ్లాకు మెట్లు తుడుస్తోంది. తడి బట్ట చేతిలో పట్టుకునే వచ్చింది. పేరు పేరునా చెప్పింది. ఇది వెంపలి, ఇది తంగేడు, ఇది ఉత్తరేణి, ఇది గునుగు. ఒకదాన్ని చూపించి, "ఇది ఏందో కంప" అంటే, దాన్ని మాత్రం నేను గుర్తుపట్టాను. గుట్ట నుంచి వేర్లతో తెచ్చిన మొద్దు మీద చిగురిస్తున్న ఆకులు అవి.

"ఇది బలుసు! మా నాయనమ్మ పప్పులో వేసేది" అన్నాను.

"తింటరా దీన్ని?" అని ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కొమ్మలు ముదిరాక, నాలుగు నెలలకి, లేత ఆకు కోసి పప్పు వండి తెచ్చాను. ఆమె రెండు ముద్దలు తిని, "కమ్మగనే ఉంది, కానీ గోంగూర అంత లేదు" అంది.

అంతా బాగుందనుకుంటున్నప్పుడే దెబ్బ తగిలింది. ఆగస్టు పదిహేనుకి జెండా ఎగరేయడం ఆ స్థలం పక్కనే. అంతకు రెండు రోజుల ముందు నేను మియాపూర్‌లో మా చెల్లెలింటికి వెళ్ళాను. తిరిగొచ్చి బాల్కనీలోంచి చూస్తే కింద సగం స్థలం గుండు గీసినట్టు ఉంది. కాంట్రాక్టు మాలీలు గడ్డి కోసే మిషన్లతో అన్నీ నేలమట్టం చేశారు. జానెడెత్తు తంగేడు, వెంపలి, అప్పుడే మూడేసి ఆకులు వేసిన మోదుగ, ఏదీ మిగల్లేదు. నేను కిందకి వెళ్ళి ఆ తరిగిన ఆకుల మధ్య కూర్చుని ఏడ్చాను. ఆఫీసులో ఎంత పెద్ద రిలీజు పాడైనా ఒక్కరోజూ ఏడ్చిన మనిషిని కాదు.

సెక్రటరీ గారు వచ్చారు. "అంతా శుభ్రం చేయమన్నానండి. అంటే దారి వరకే అని చెప్పాలని తట్టలేదు. నా పొరపాటే" అన్నారు. ఆయన ముఖం చూస్తే కోపగించుకోవాలనిపించలేదు.

ఆమె వచ్చి తెగిన మొదళ్ళని ఒక్కొక్కటీ వంగి చూసింది. ఒక తంగేడు మొక్కని పట్టి లాగింది. రాలేదు.

"చూడు, వేరు దిగింది. దీన్ని మేకలు ఎన్నిసార్లు కొరకలె? అయినా వస్తలేదా? ఫికర్ జేయకు, ఇంక గుబురుగ వస్తది. మోదుగ కూడ వస్తది, దానికి కింద గడ్డ ఉంటది." పక్కనే ఇంకో మొదలు లాగి చూసి, "వెంపలి మాత్రం కొంత పోయినట్టే" అంది. పోయినదాన్ని పోయిందని చెప్పింది కాబట్టి మిగతాది నమ్మాను.

మూడు వారాలకి తంగేడు ఒక్కో మొదలు నుంచి నాలుగైదు కొమ్మలు వేసింది. మోదుగలో సగానికి పైగా తేరుకున్నాయి. ఈసారి సెక్రటరీ గారే స్వయంగా చుట్టూ తాడు కట్టించి, 'కోయరాదు' అని బోర్డు పెట్టించారు. వానాకాలం అయిపోయాక నేను ఇచ్చిన గడువు గురించి ఎవరూ ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు.

ఇది నాలుగో వానాకాలం. తంగేడు నా భుజాలు దాటింది. కిందటేడు దసరా ముందు మా హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళందరూ బతుకమ్మకి పూలు ఇక్కడే కోసుకున్నారు. సీతాఫలం ఇంకా కాపుకి రాలేదు. నేను పట్టుబట్టి పెట్టించిన మామిడి రెండుసార్లు చచ్చింది, ఇక పెట్టను. పికిలిపిట్టలు గూళ్ళు కట్టాయి. కౌజుపిట్టల జంట ఒకటి గడ్డిలో తిరుగుతోంది. పాము ఒక్కసారి కనిపించింది, జెర్రిపోతు. వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు హడావుడి జరిగి సద్దుమణిగింది. ఆమె ఇప్పుడు మెట్లు తుడవడం లేదు. అసోసియేషన్ ఆమెను పార్కు పనికే పెట్టుకుంది. నీలం కోటు బదులు తన చీరలోనే వస్తుంది. భర్త నెలకొకసారి వచ్చి, బండ పగుళ్ళలో మట్టి కూరి నల్లేరు తీగ ముక్కలు గుచ్చి, ఏవో అరుస్తూ చెప్పి వెళ్తాడు.

ఈ వానలకి ఊట ఉన్న మూలలో కొత్త మొక్క ఒకటి మొలిచింది. ఆకులు జంటలుగా, వెనకవైపు నూగుతో. మేం నాటింది కాదు, గుట్ట మన్నులో వచ్చినదైతే ఇన్నాళ్ళు ఆగకపోవచ్చు. ఏ పిట్టో తెచ్చి ఉండాలి. ఆమెకు చూపించాను. ఆకు నలిపి వాసన చూసింది, తుంచి పాలు కారతాయేమో చూసింది.

"నాకు తెల్వదు అక్కా" అంది. ఇన్నేళ్ళలో ఆమె నోటి నుంచి ఆ మాట వినడం తక్కువే.

"మీ ఆయన్ని అడుగుదామా?"

"ఆయనకేం ఎరుక, బండల సంగతి తప్ప." నవ్వుతూ దాని చుట్టూ చేత్తో చిన్న పాదు చేసింది. "పూత వడితే చూద్దాం తియ్యి."

ఇప్పుడది నా మోకాలి ఎత్తు ఉంది. ఇంకా పూయలేదు.